బండి మీదే, రోడ్డు అందరిదీ

శనివారం అర్ధరాత్రి దాటాక హైదరాబాద్ శివారు కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ అపార్టుమెంట్లలో పడుకున్నవాళ్లకి ఆ చప్పుడు బాగా తెలుసు. దూరంగా ఎక్కడో మొదలవుతుంది. చూస్తుండగానే కిటికీ అద్దాలు అదురుతాయి. ఆ వెంటనే ఔటర్ రింగ్ రోడ్డు వైపు వెళ్లి సన్నగిల్లుతుంది. దాని వెనకే ఇంకోటి, ఆ వెనక ఇంకో రెండు. ఇంట్లో పెద్దవాళ్లు పక్క మీద లేచి కూర్చుని, "ఎవరి బిడ్డలో, క్షేమంగా ఇల్లు చేరితే చాలు" అనుకుంటారు. అలా అనుకుని మళ్లీ పడుకుంటే సరిపోయే రోజులు దాటిపోయాయి. అందుకే ఈ మాట మొహమాటం లేకుండా చెబుతున్నాం. వినండి.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. కార్లంటే పిచ్చి ఉండటం తప్పు కాదు. ముస్టాంగ్ ఇంజిను గొంతుకీ పోర్షే గొంతుకీ తేడా కళ్లు మూసుకుని చెప్పగల కుర్రాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. నెల జీతంలో సగం ఈఎంఐకి కట్టి, ఆదివారం పొద్దున్నే బండిని తామే కడుక్కుని, గుడ్డతో తుడుచుకుని మురిసిపోయేవాళ్లున్నారు. ఆ ముచ్చటను చంపుకోమని మేం అనడం లేదు. యంత్రాన్ని ప్రేమించేవాడు దాని హద్దు కూడా తెలుసుకుంటాడని నమ్ముతున్నాం. ఆ నమ్మకంతోనే అడుగుతున్నాం: ఆ వేగాన్ని ప్రజలు తిరిగే రోడ్డు మీదికి తేకండి.

ఇప్పుడే ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, బండ్లు మారిపోయాయి. ఇరవై ఏళ్ల కిందట వంద హార్స్‌పవర్ ఉన్న కారంటే వీధంతా చూసేది. ఇవాళ నాలుగైదు వందల హార్స్‌పవర్ కార్లు మన సిగ్నళ్ల దగ్గర ఆగి ఉంటున్నాయి. నాలుగు సెకన్లలోపే 100 కిలోమీటర్ల వేగం అందుకునే ఎలక్ట్రిక్ కార్లు షోరూముల్లో దొరుకుతున్నాయి. అవి చప్పుడు కూడా చేయవు. ఎంత వేగంలో ఉన్నామో చెవికి తెలియదు. కొనలేనివాళ్లకి అద్దెకు దొరుకుతున్నాయి. పుట్టినరోజుకని ఒక్క రోజు స్పోర్ట్స్ కారు తీసుకుని, అంతకుముందెన్నడూ నడపని బండిని రాత్రికి రాత్రే ఔటర్ ఎక్కిస్తున్నారు. బండి మారింది. నడిపే మనిషి కళ్లు, కాళ్లు, మెదడు మాత్రం అవే.

ఔటర్ సంగతే చూడండి. 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు. చూస్తే ఎవరికైనా తొక్కాలనిపిస్తుంది, నిజమే. 2023లో వేగ పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. అదీ డివైడర్ పక్కనున్న రెండు వరసలకే. ఎడమవైపు రెండిటికీ 80. ఈ 120 అన్నది దాటకూడని గీత. చాలామంది దాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టమన్నట్టుగా తీసుకుంటున్నారు. 120 ఇచ్చారు కాబట్టి 150 పర్లేదు, 150 అలవాటైంది కాబట్టి రాత్రిపూట 200 పర్లేదు. ప్రమాదం ఇలా మెట్టు మెట్టుగానే ఎక్కుతుంది. మొదటిసారే 200 తొక్కేవాళ్లు తక్కువ.

అర్ధరాత్రి ఆ రోడ్డు ఖాళీగా ఉంటుందనుకుంటారు. ఉండదు. ఎడమవైపు టైరు పంక్చరైన లారీ ఆగి ఉంటుంది. వెనక లైటు మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. డ్రైవరు తనకు తోచిన హెచ్చరికగా నాలుగు రాళ్లు, ఒక చెట్టుకొమ్మ పది అడుగుల వెనక పెట్టి, జాకీ కింద తలపెట్టి ఉంటాడు. డివైడర్ మీది మొక్కలకి నీళ్లు పోసే ట్యాంకరు, అందరూ వేగంగా వెళ్లే కుడి వరసలోనే నిదానంగా కదులుతూ ఉంటుంది. కంచె సందులోంచి వచ్చిన కుక్క ఉంటుంది. అడ్డదారిన పనికి పోయే మనిషి ఉంటాడు. నిద్రమత్తులో వరస మారే డీసీఎం ఉంటుంది. వీళ్లెవరూ మీ సరదాలో భాగస్వాములు కారు. మీరొస్తున్నారని వీళ్లకి తెలియదు.

లెక్క చూద్దాం. ప్రమాదం కంటబడ్డాక కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి మామూలు మనిషికి సెకనున్నర పడుతుంది. 60లో వెళుతుంటే ఆ సెకనున్నరలో బండి 25 మీటర్లు పోతుంది. 120లో 50 మీటర్లు. ఇది బ్రేకు పడకముందే. వేగం రెట్టింపైతే బండిలోని శక్తి నాలుగింతలవుతుంది, బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరమూ నాలుగింతలు. పొడి రోడ్డు మీద 60 వేగంలో ఉన్న మంచి కారు మొత్తం 45 మీటర్లలో ఆగితే, 120లో ఉన్నది 130 మీటర్ల దాకా పోతుంది. 200 దగ్గర కొత్త టైర్లు, గొప్ప బ్రేకులు ఉన్నా దాదాపు పావు కిలోమీటరు కావాలి. లో బీమ్ లైటు మీకు చూపించేది యాభై అరవై మీటర్లే. అంటే ఆగి ఉన్న ఆ లారీ మీ కంటబడే వేళకు బ్రేకు తొక్కినా లాభం ఉండదు. గొప్ప డ్రైవర్ అయినా అంతే. ఇందులో నేర్పు చేయగలిగిందేమీ లేదు.

ఇంకో చిక్కుంది. మీ ముందు 60లో వెళుతున్న లారీ డ్రైవరు వరస మారబోతూ అద్దంలో చూస్తాడు. రెండు వందల మీటర్ల వెనక రెండు దీపాలు కనబడతాయి. "దూరంగా ఉన్నాడులే" అనుకుంటాడు. అది అతని తప్పు కాదు. ఆ రోడ్డు మీద అలాంటి దీపాలు దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుందో అతనికి ఏళ్ల అలవాటు. మీరు 200లో ఉంటే ఐదు సెకన్లలో అతని మీద ఉంటారు. అతను స్టీరింగ్ తిప్పి, మీరు హారన్ కొట్టి, ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకునే వ్యవధి కూడా ఉండదు. మీ బండి మీ అదుపులోనే ఉండొచ్చు. అతని అంచనా మీ అదుపులో లేదు.

వేగాన్ని ఇష్టపడేవాళ్లు చెప్పే వాదనలు మాకు తెలుసు. వాటిని కొట్టిపారేయం. ఒక్కొక్కటీ విని, జవాబు చెబుతాం.

"నేను బాగా నడుపుతాను" అంటారు. కావచ్చు. 2013 నవంబర్ 30న అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమాల హీరో పాల్ వాకర్ ఒక పోర్షే కరెరా జీటీలో చనిపోయాడు. అతను నడపడం లేదు, పక్క సీట్లో కూర్చున్నాడు. నడిపినవాడు రేసింగ్ అనుభవం ఉన్న స్నేహితుడే. గంటకు 45 మైళ్ల పరిమితి ఉన్న వీధిలో కారు 80 నుంచి 93 మైళ్ల వేగంతో, అంటే 130 నుంచి 150 కిలోమీటర్ల మధ్య వెళ్లిందని దర్యాప్తులో తేలింది. యంత్రంలో లోపం కనబడలేదు. టైర్లు మాత్రం తొమ్మిదేళ్ల నాటివి. అనుభవం ఉంది, ప్రపంచంలోనే పేరున్న కారు ఉంది. ఇద్దరూ మిగల్లేదు.

"కారును ఆ వేగానికే తయారుచేశారు" అంటారు. ఫ్యాక్టరీలోంచి వచ్చిన నాటి కారును, సరైన టైర్లతో, శుభ్రమైన తారు మీద. మన రోడ్డు మీద ఒక బోల్టు, ఒక గాజు ముక్క, లారీ మీంచి జారిన కంకర చాలు. 2025 జులై 3న పోర్చుగల్ ఫుట్‌బాల్ ఆటగాడు డియోగో జోటా, అతని తమ్ముడు స్పెయిన్‌లో లంబోర్గినిలో వెళుతూ చనిపోయారు. ఓవర్‌టేక్ చేస్తుండగా టైరు పేలిందని, వేగం పరిమితికి బాగా మించి ఉండొచ్చని అక్కడి పోలీసులు చెప్పారు. టైరు 80లో పేలితే బండి పక్కకు లాగుతుంది, పట్టుకుంటారు. 200లో పేలితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

"జర్మనీలో పరిమితే లేదు కదా" అంటారు. ఇది అందరూ చెప్పే వాదన, సగం మాత్రమే చెప్పే వాదన. ఆటోబాన్ అనే అక్కడి హైవేల్లో పరిమితి లేని భాగాల్లో కూడా 130 మించవద్దని అధికారిక సిఫార్సు ఉంది. అంతకు మించి వెళుతూ ప్రమాదంలో పడితే, తప్పు అవతలివాడిదైనా నష్టంలో కొంత మీ నెత్తినే పడొచ్చు. అక్కడ లైసెన్సు కావాలంటే ఆటోబాన్ మీద, రాత్రి చీకట్లో తప్పనిసరి పాఠాలు ఉంటాయి. తప్పు వైపు నుంచి (అక్కడ అది కుడివైపు) ఓవర్‌టేక్ చేయడం నిషేధం. గంటకు 60 దాటి వెళ్లలేని బండికి ఆ రోడ్డెక్కే అనుమతే లేదు. అక్కడ ఎదురుగా రాంగ్ రూట్‌లో ట్రాక్టరు రాదు. మనం తెచ్చుకున్నది వాళ్ల కారును మాత్రమే. వాళ్ల రోడ్డును, వాళ్ల క్రమశిక్షణను తెచ్చుకోలేదు.

"చలాన్ కడతాను, నా డబ్బు" అంటారు. ఎప్పుడో రాయితీ ఇస్తారు, అప్పుడు సగానికి కడదాంలే అని కూడా అనుకుంటారు. 2019 నవంబర్ 23న హైదరాబాద్ బయోడైవర్సిటీ జంక్షన్ ఫ్లైఓవర్ మీంచి ఒక కారు కింద పడింది. అక్కడ పరిమితి 40. కారు వేగం వంద దాటిందని పోలీసులు తేల్చారు. కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మహిళ అక్కడికక్కడే చనిపోయింది. ఆమెకు ఆ కారుతో సంబంధం లేదు, ఆ ఫ్లైఓవర్‌తోనూ లేదు. ఆ లెక్క ఏ చలాన్‌తో తీరుతుంది?

కెమెరా సంగతి కూడా చెప్పుకోవాలి. 2022 అక్టోబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని పూర్వాంచల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద నలుగురు మిత్రులు బీఎండబ్ల్యూలో వెళుతూ ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టారు. స్పీడోమీటర్ 230 దాకా ఎక్కింది. ఇంకా పెంచమని హుషారు. ఎదురుగా కంటైనర్ లారీ. నలుగురూ పోయారు. స్పీడోమీటర్‌ను ఫోన్‌లో తీయడమంటే ఒక జత కళ్లు రోడ్డు మీంచి తప్పుకున్నట్టే. చూసేవాళ్లు ఉన్నారంటే కాలు ఇంకాస్త దిగుతుంది. మీ స్నేహితుడు అలాంటి వీడియో పంపితే లైక్ కొట్టకండి. ఫోన్ చేసి తిట్టండి. ఆ తిట్టు అతనికి అవసరం.

మన దగ్గర ఈ కడుపుకోత ఎన్ని ఇళ్లు చూశాయో గుర్తుందా? 2011 సెప్టెంబర్‌లో ఔటర్ మీద వెయ్యి సీసీ బైకు ప్రమాదంలో మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ కుమారుడు, పందొమ్మిదేళ్లవాడు, ప్రాణాలు కోల్పోయాడు. వెనక కూర్చున్న చుట్టాలబ్బాయి ఇంకా చిన్నవాడు, అతనూ మిగల్లేదు. అదే ఏడాది డిసెంబర్‌లో అదే ఔటర్ మీద రాజకీయ నాయకుడు కోమటిరెడ్డి వెంకటరెడ్డి కుమారుడిని కారు ప్రమాదం తీసుకుపోయింది. 2018 ఆగస్టు 29న నటుడు నందమూరి హరికృష్ణ నల్గొండ జిల్లాలో తానే కారు నడుపుతూ ప్రాణాలు కోల్పోయారు. సీటు బెల్టు పెట్టుకోలేదు. 2022 సెప్టెంబర్‌లో ముంబయి దారిలో చనిపోయిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో ఉన్నారు, ఆయనకూ బెల్టు లేదు. డబ్బు, పేరు, ఖరీదైన బండి ఏ ఇంటినీ కాపాడలేదు. పేరు లేని ఇళ్ల సంగతి పేపర్లో మూడు లైన్లతో అయిపోతుంది.

దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో 71 శాతం మరణాలకు కారణం అతివేగమే. వీటిలో అత్యధికం స్పోర్ట్స్ కార్లు కావు, మామూలు బండ్లే. కానీ మామూలు బండివాడికి వేగం మీద ఆశ పుట్టించేది పక్కనుంచి రయ్‌మని దూసుకుపోయిన ఆ ఎర్ర కారే. మిమ్మల్ని చూసి మీ వెనక చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో పద్దెనిమిదేళ్లవాడు తొక్కుతున్నాడు. వాడికి మీ బ్రేకులు లేవు, మీ ఎయిర్‌బ్యాగులు లేవు. వాడి సంగతి కూడా ఆలోచించండి.

ఇక గమనించాల్సిన గుర్తులు. మీలో మీరు చూసుకోండి. రోజూ వెళ్లే దారిలో నిమిషాలు లెక్కపెట్టి "నిన్నటికన్నా రెండు నిమిషాలు తగ్గింది" అనుకుంటున్నారా? పక్కన కూర్చున్నవాళ్లు పైనున్న పిడిని గట్టిగా పట్టుకుంటుంటే మీకు నవ్వొస్తోందా? ఎవరైనా ఓవర్‌టేక్ చేస్తే అవమానంగా ఉంటోందా? ట్రాక్షన్ కంట్రోల్ ఆపేసి రోడ్డు మీద తిప్పుతున్నారా? త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని స్నేహితులకు గొప్పగా చెబుతున్నారా? వీటిలో ఒక్కటి ఉన్నా ఆగి ఆలోచించండి. త్రుటిలో తప్పిందంటే మీ నేర్పు వల్ల కాదు, అవతలివాడు ఆ క్షణాన అక్కడ లేడు కాబట్టి.

బండిలో చూసుకోండి. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గీతలు లోతుగానే ఉన్నా రబ్బరు ముసలిదైపోతుంది. ఎక్కువగా షెడ్డులో ఉండే స్పోర్ట్స్ కార్లకి ఇదే పెద్ద గండం. గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే చట్టప్రకారం కూడా ఆ టైరు పనికిరాదు. వానలో అయితే అంతకు చాలా ముందే పట్టు వదిలేస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పెద్ద కారుకు పాత యజమాని ఇంజిన్ ట్యూనింగ్ మార్పించాడేమో అడగండి. శక్తి పెంచి బ్రేకులు పాతవే ఉంచిన బండి చాలా ప్రమాదకరం. ఆర్సీలో లేని మార్పులు చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగాక బీమా కంపెనీ మొదట చూసేదీ అదే.

తల్లిదండ్రులారా, ఈ ముక్క మీకు. ఇంటర్ పాసైనందుకు, బీటెక్ సీటొచ్చినందుకు బిడ్డకి ఏదైనా కొనివ్వండి, మీ ప్రేమ మాకు అర్థమవుతుంది. కానీ లైసెన్సు లేని చేతికి తాళం ఇవ్వకండి. 2024 మేలో పుణెలో పదిహేడేళ్ల కుర్రాడు నడిపాడన్న పోర్షే కారు ఢీకొని బైకు మీద వెళుతున్న ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. ఆ కేసులో అబ్బాయి తల్లిదండ్రులిద్దరూ అరెస్టయ్యారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ నేరం చేస్తే సంరక్షకుడికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. రోడ్డు మీద పందెం వేసుకుంటే మొదటిసారే మూడు నెలల దాకా జైలు ఉండొచ్చు. నిర్లక్ష్యంతో ఒకరి ప్రాణం పోతే కొత్త న్యాయసంహితలో ఐదేళ్ల దాకా శిక్ష. ఇవన్నీ భయపెట్టడానికి చెప్పడం లేదు. తాళం ఇచ్చే చేతికి తెలిసి ఉండాలని చెబుతున్నాం. పిల్లవాడు అర్ధరాత్రి "కాస్త డ్రైవ్‌కి వెళ్లొస్తా" అంటే ఎవరితో, ఎటు అని అడగండి. విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

మరి ఈ ఇష్టాన్ని ఎక్కడ తీర్చుకోవాలి? దానికి చోట్లు ఉన్నాయి. చెన్నై శివార్లలో ఇరుంగట్టుకొట్టై దగ్గర 1990 నుంచి నడుస్తున్న మద్రాసు ట్రాక్ ఉంది, 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ పోటీలు జరిగిన బుద్ధ్ సర్క్యూట్ ఉంది. ఇలాంటి చోట్ల ట్రాక్ డే అని పెడతారు. రుసుము కట్టి, హెల్మెట్ పెట్టుకుని, మీ బండితోనే దిగొచ్చు. ఎదురుగా ఎవరూ రారు. కుక్క అడ్డం రాదు. తప్పు చేస్తే దొర్లడానికి గడ్డి, ఇసుక ఉంటాయి. జెండా ఊపడానికి మార్షల్ ఉంటాడు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. చెన్నై దాకా వెళ్లాలా అని మీరు నొచ్చుకుంటే ఆ బాధ న్యాయమైనదే. దగ్గర్లో ట్రాక్ కావాలని గట్టిగా అడగండి, మేమూ గొంతు కలుపుతాం. ట్రాక్ దూరమైనంత మాత్రాన ఔటర్ ట్రాక్ అయిపోదు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది, గుర్తుందా? మన నగరపు రోడ్డు మీదే ఆ కార్లు పరుగెత్తాయి. దానికోసం 2.8 కిలోమీటర్ల దారిని రోజుల తరబడి మూసేశారు. రెండు పక్కలా కాంక్రీటు గోడలు, వాటి మీద ఇనుప కంచెలు కట్టారు. జనాన్ని ఆ కంచెల అవతలే ఉంచారు. ప్రపంచంలోని మేటి డ్రైవర్లు మన రోడ్డు మీద వేగంగా వెళ్లడానికి కావలసి వచ్చిన ఏర్పాటు అది. మనం ఏ ఏర్పాటుతో తొక్కుతున్నాం?

ట్రాక్ మీద కూడా మృత్యువు లేదని కాదు. 2023 జనవరిలో మద్రాసు ట్రాక్ మీద పోటీలో ఒక సీనియర్ కారు రేసర్, అదే ఏడాది ఆగస్టులో పదమూడేళ్ల బైకు రేసర్ చనిపోయారు. కాబట్టి అక్కడికీ జాగ్రత్తగానే వెళ్లండి. మొదటిసారి వెళితే శిక్షకుణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ట్రాక్ డే పోటీ కాదు; ముందున్నవాడు చెయ్యి చూపి దారిస్తేనే దాటాలి. పసుపు, ఎరుపు జెండాల అర్థం తెలియకుండా దిగకండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడ్డది వేడెక్కితే మరిగిపోతుంది. అప్పుడు పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. వెళ్లేముందే కొత్తది పోయించండి. పెడల్ కాస్త లోతుకు వెళుతున్నట్టు అనిపించినా, కాలిన వాసన వచ్చినా, స్టీరింగ్ వణికినా ఇంకో ల్యాప్ అని ఆశపడకండి. నిదానంగా ఒక చుట్టు తిరిగి చల్లార్చి, పిట్‌లోకి తెచ్చేయండి. వేడిగా ఉన్నప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేయకండి. చక్రాల నట్లు మళ్లీ బిగించి చూసుకోండి.

బీమా కాగితం ఒకసారి చదవండి. మన మోటారు పాలసీల్లో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాడకానికి రక్షణ ఉండదని రాసే ఉంటుంది. ట్రాక్ మీద గోడకు తగిలితే ఖర్చు మీదే అనుకుని దిగండి. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో సరదాగా నడపడానికి వెళ్లే మనవాళ్లకీ ఇదే చెబుతున్నాం: అక్కడ రైలింగ్‌కు తగిలితే రైలింగ్ ఖరీదు కూడా మీ బిల్లులోనే వస్తుంది.

అన్నిటికన్నా ఎవరూ హెచ్చరించని ప్రమాదం ట్రాక్ నుంచి ఇంటికి తిరిగొచ్చే దారిలో ఉంది. రోజంతా 180లో తిరిగిన కంటికి హైవే మీద 100 నడకలా అనిపిస్తుంది. ఒంట్లో హుషారు దిగి ఉండదు, అలసట మాత్రం ఎక్కి ఉంటుంది. బ్రేక్ ప్యాడ్లు అరిగి ఉంటాయి. ట్రాక్ కోసం తగ్గించిన టైర్ల గాలి అలాగే ఉంటుంది. వాన పడితే ట్రాక్ టైర్లు నీటి మీద తేలిపోతాయి. గాలి నింపుకోండి, ప్యాడ్లు చూపించుకోండి, ఆ రాత్రి అక్కడే పడుకుని పొద్దున్నే బయల్దేరండి. వీలైతే స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వండి. ట్రాక్ మీద నేర్చుకున్నదేమైనా ఉంటే అది బండి ఎప్పుడు చెయ్యి జారుతుందో తెలియడం. అది తెలిసినవాడు రోడ్డు మీద నెమ్మదిస్తాడు.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకీ ఒక మాట. అక్కడ సెకండ్‌హ్యాండ్ ముస్టాంగులు, కెమారోలు, ఛార్జర్లు మన డబ్బుకు అందుబాటులో కనిపిస్తాయి. ఖాళీ హైవే పిలుస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే వర్జీనియా రాష్ట్రంలో గంటకు 85 మైళ్లు దాటితే, లేదా పరిమితికన్నా 20 మైళ్లు ఎక్కువ వెళితే అది మామూలు టికెట్ కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్ అనే క్రిమినల్ నేరం. ఏడాది దాకా జైలు పడొచ్చు. టికెట్ అనుకుని డబ్బు కట్టేసి వదిలేయకండి, వకీలును కలవండి. వీసా మీద ఉన్నవాళ్లకి నేర రికార్డు ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు. అప్పు చేసి మిమ్మల్ని పంపిన ఇల్లు ఇక్కడ ఫోన్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

కార్ల క్లబ్బులు నడిపేవాళ్లకి ఒక విన్నపం. ఆదివారం పొద్దున డ్రైవ్ పెట్టండి, అందరూ కలిసి టిఫిన్ చేయండి, బండ్ల పక్కన ఫొటోలు దిగండి. కానీ బయల్దేరేముందు మీ నోటితోనే చెప్పండి: 120 దాటినవాడు వచ్చే వారం మనతో రాడు. మీ మాట పోలీసు మాటకన్నా బాగా వింటారు. అద్దెకు బండ్లిచ్చేవాళ్లూ, వేగాన్ని పరిమితం చేసే పరికరం లేకుండా, బండి సంగతి వివరించకుండా పెద్ద కారు తాళం చేతిలో పెట్టకండి. అధికారులారా, ఆగిన లారీలను వెంటనే తీయించండి. రాత్రివేళ మొక్కలకు నీళ్లు పోసే ట్యాంకర్లకు వెలుగు, హెచ్చరిక బోర్డులు పెట్టండి. కెమెరా ఉన్న చోట తగ్గించి దాటాక తొక్కే ఆట చెల్లకుండా, రెండు చోట్ల మధ్య పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం లెక్కగట్టండి.

చివరిగా, పక్క సీట్లో కూర్చునేవాళ్లకి. మీకు మొహమాటం ఉంటుంది. బండి వాడిది, పార్టీ వాడిది, పిరికివాళ్లంటారేమోనని భయం. అయినా "తగ్గించరా" అనండి. వినకపోతే "తర్వాతి ఎగ్జిట్‌లో నన్ను దింపెయ్" అనండి, దిగండి, క్యాబ్ పిలుచుకోండి. బెల్టు వెనక సీట్లోనూ పెట్టుకోండి. దారిలో ప్రమాదం కనబడితే ఆగి 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033. సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా చట్టం కాపాడుతుంది.

స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకి ఒక్కటే మాట. పక్కన ఉన్నవాళ్లు తగ్గించమంటే తగ్గించండి, వాదించకండి. పక్కన ఎవరూ లేకపోతే ఈ రాత్రికి మేం అడుగుతున్నాం అనుకుని తగ్గించండి. వేగం కావాలంటే ట్రాక్‌కి రండి. రోడ్డు మీద మాత్రం పరిమితి దాటకండి.